అవయవ మార్పిడి ఆసుపత్రులకు మార్కులు: బల్ల మీదికి రానివాళ్ల లెక్క ఎక్కడ?

కిడ్నీ మార్పిడికి ఏ ఆసుపత్రి మంచిది? మన దగ్గర ఈ ప్రశ్నకు హోర్డింగులు జవాబు చెబుతాయి. ఇన్ని వందల మార్పిడులు చేశాం, మా విజయాల శాతం ఇంత అని రాసుకుంటారు. ఆ శాతం ఎవరు లెక్కగట్టారు, ఎన్నాళ్లకు లెక్కగట్టారు, ఎవర్ని వదిలేసి లెక్కగట్టారు అన్నది మాత్రం ఉండదు. ఫలానా ఆసుపత్రిలో ఎంతమందికి మార్పిడి జరిగింది, ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమంది బతికున్నారు, ఎంతమందికి కొత్త కిడ్నీ పనిచేస్తోంది అని ఆసుపత్రుల వారీగా జనం ముందు పెట్టే ఏర్పాటు మన దేశంలో లేదు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంది గానీ అది ఆసుపత్రి నడిచే పద్ధతులు చూసి ఇచ్చేది. రోగులు చివరికి ఏమయ్యారో అది చెప్పదు.

ఈ పరిస్థితి ఇలాగే ఉండిపోదు. మార్పిడి జరిగే ప్రతి కేసులో దాతకూ, తీసుకునేవారికీ జాతీయ అవయవ మార్పిడి సంస్థ (నోటో) గుర్తింపు సంఖ్య తప్పనిసరి అని 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. జాతీయ రిజిస్ట్రీ ఉండాలన్న మాట 2011 సవరణ చట్టంలోనే ఉంది. తెలంగాణ ఇన్నాళ్లూ 1995 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టంతో నెట్టుకొచ్చి, 2025 మార్చిలో శాసనసభ తీర్మానంతో కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. లెక్కలన్నీ ఒకచోట చేరాక వాటిలోంచి మార్కులు, ర్యాంకులు పుట్టుకురావడానికి పెద్ద సమయం పట్టదు.

ఆసుపత్రుల ఫలితాలు బయటపెట్టాలన్న డిమాండుతో మాకు పేచీ లేదు. ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రి తన దగ్గర ఎంతమంది పోయారో చెప్పి తీరాలి. మా పేచీ అంతా ఏం లెక్కపెడతారన్న దగ్గరే. బల్ల మీదికి చేరినవాళ్లనే లెక్కపెట్టే మార్కులు వస్తే, బల్ల దాకా రానివాళ్లకు, అంటే ఎక్కువగా మనవాళ్లకు, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఇది ఊహ కాదు. మార్కుల పద్ధతిని మూడు దశాబ్దాలకు పైగా నడిపిన దేశం ఒకటుంది. అక్కడ ఏం జరిగిందో చూస్తే ఇక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

మార్కులు ఎలా వేశారు

అమెరికాలో 1984లో జాతీయ అవయవ మార్పిడి చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన రిజిస్ట్రీ దేశంలోని ప్రతి మార్పిడి కేంద్రం మీద ఆరు నెలలకోసారి నివేదిక ఇస్తుంది. అందులో కీలకం ఒక పోలిక. ఆ కేంద్రం ఎలాంటి రోగులకు, ఎలాంటి దాతల అవయవాలతో మార్పిడి చేసిందో చూసి, 'ఇలాంటివాళ్లలో సగటున ఇంతమంది పోయి ఉండాలి' అని ఒక అంచనా వేస్తారు. నిజంగా ఎంతమంది పోయారో దాని పక్కన పెడతారు. అంచనా 10 అయి, పోయినవాళ్లు 15 మంది అయితే నిష్పత్తి ఒకటిన్నర.

చాలాకాలం ఇది సమాచారంగానే ఉంది. 2007లో ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌ను నడిపే కేంద్ర సంస్థ దాన్ని కొరడాగా మార్చింది. నిష్పత్తి 1.5 దాటి, ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కాదని గణాంకాలు చెబితే ఆ కేంద్రం తప్పు చేసినట్టు. సంజాయిషీ ఇవ్వాలి, దిద్దుబాటు ఒప్పందం రాసుకోవాలి, కాదంటే మెడికేర్ గుర్తింపు పోతుంది. అమెరికాలో డయాలసిస్ రోగుల్లో అత్యధికులకు బీమా మెడికేరే కాబట్టి గుర్తింపు పోయిందంటే దుకాణం మూసుకున్నట్టే. ప్రైవేటు బీమా కంపెనీలు కూడా అవే మార్కులు చూసి ఎవరితో ఒప్పందం చేసుకోవాలో తేల్చుకునేవి.

పదో తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత అని ఫ్లెక్సీ కట్టే ప్రైవేటు బడి ఆ నూరు ఎలా తెచ్చుకుంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. వెనకబడిన పిల్లల తల్లిదండ్రుల్ని తొమ్మిదిలోనే పిలిచి టీసీ చేతిలో పెడుతుంది. పరీక్ష రాసినవాళ్లంతా పాసయ్యారు, అబద్ధం ఏమీ లేదు. రాయనివ్వని పిల్లలు ఆ లెక్కలో లేరంతే. అమెరికా మార్పిడి కేంద్రాలు చాలావరకు చేసింది కూడా ఇదే.

తక్కువ మార్కులు వచ్చిన కేంద్రాలు ఆ తర్వాత మార్పిడులు తగ్గించేశాయని కిడ్నీ కేంద్రాల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. కాలేయం విషయంలో 2007 తర్వాత, 'ఈ రోగి మరీ జబ్బుపడ్డాడు, తట్టుకోలేడు' అని జాబితా నుంచి పేర్లు కొట్టేయడం పెరిగిందని మరో అధ్యయనం తేల్చింది. కాస్త వయసు మీరిన దాత కిడ్నీ, కాస్త దెబ్బతిన్న కిడ్నీ వస్తే 'మాకొద్దు' అనడం తేలికైంది. 2004 నుంచి 2014 వరకు లెక్క తీస్తే అమెరికాలో దాతల నుంచి తీసిన కిడ్నీల్లో 17.9 శాతం ఎవరికీ అమర్చకుండా పారేశారు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో అలా పోయినవి 9.1 శాతమే. ఈ మధ్య సంవత్సరాల్లో అమెరికాలో అది పాతిక శాతం దాకా వెళ్లింది. రేటింగుల వల్లే ఇదంతా అని మేము అనడం లేదు. రవాణా ఆలస్యం, కేటాయింపు నిబంధనలు, డబ్బు లెక్కలు అన్నీ ఉన్నాయి. అయితే ప్రమాదం తీసుకున్న డాక్టరుకు శిక్ష పడి, రోగిని వెనక్కి పంపిన డాక్టరుకు ఏమీ కానిచోట డాక్టర్లు ఏ దారి పడతారో ఊహించడం కష్టం కాదు.

మార్కుల యావ ఎంతదాకా పోతుందో 2019లో న్యూజెర్సీ రాష్ట్రంలో బయటపడింది. నెవార్క్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో గుండె మార్పిడి చేయించుకున్న 61 ఏళ్ల రోగి ఒకరు ఆపరేషన్ తర్వాత స్పృహలోకి రాలేదు. ఆయన ఏడాది గడిచేదాకా ప్రాణంతో ఉండాలని, అప్పటిదాకా కుటుంబంతో వేరే మార్గాల గురించి మాట్లాడొద్దని వైద్యుల సమావేశంలో అనుకున్న మాటలు రికార్డయి ప్రోపబ్లికా వార్తాసంస్థ ద్వారా జనంలోకి వచ్చాయి. ఏడాది గడవడం ఎందుకు? మార్కులు వేసేది ఏడాది మనుగడ మీద కాబట్టి. 366వ రోజు పోతే ఆసుపత్రి లెక్కలో ఆయన బతికున్నట్టే. ఆ ఆసుపత్రిలో రోగుల ప్రాణాలకు తక్షణ ముప్పు ఉన్న పరిస్థితి ఉందని తర్వాత కేంద్ర తనిఖీదారులు నిర్ధారించారు.

ఎవరు రాలిపోయారు

అమెరికా జనాభాలో నల్లజాతివారు 13 శాతం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్లే. అంటే కిడ్నీ మార్పిడి విధానంలో ఏ చిన్న మార్పు జరిగినా మొదటి దెబ్బ గానీ మేలు గానీ వాళ్లకే తగులుతుంది.

వాళ్లను ఆపిన మెట్లలో ఒకటి ఏకంగా సూత్రంలోనే ఉండేది. రక్తపరీక్షతో కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా వేసే లెక్కలో, రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెను 16 శాతమో, 21 శాతమో పెంచి రాసేవాళ్లు. కాగితం మీద కిడ్నీ బాగానే ఉన్నట్టు కనిపించేది. ఆ అంకె 20కి పడితే గానీ నిరీక్షణ కాలం మొదలవదు కాబట్టి, అదే జబ్బున్న తెల్లవాడికంటే నల్లవాడు వరుసలో వెనక నిలబడేవాడు. 2022లో ఈ పద్ధతిని నిషేధించారు. 2023 జనవరి నుంచి, పోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపాలని కేంద్రాలను ఆదేశించారు. 14 వేల మందికి పైగా నల్లజాతి రోగులకు వరుసలో ముందుకు జరిగే వీలు కలిగింది. ఇన్నేళ్లు ఆ వరుసలోనే ఉండి పోయినవాళ్లకు ఏం కలిపినా లాభం లేదు. ఆధునిక వైద్యం కులమతాలకు అతీతం అని మనకు పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఒక్క సూత్రం చరిత్ర చదివితే చాలు.

రేటింగ్ అలా జాతి పేరెత్తదు, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. ఇందుకు గుండె బైపాస్ ఆపరేషన్లు మంచి ఉదాహరణ. న్యూయార్క్ రాష్ట్రం 1990ల మొదట్లో బైపాస్ చేసే సర్జన్లకు, ఆసుపత్రులకు మరణాల రేటుతో రిపోర్టు కార్డులు ప్రకటించింది. దేశమంతా మెచ్చుకుంది. రాచెల్ వెర్నర్ బృందం 2005లో దీన్ని పరిశీలించి తేల్చిందేమిటంటే, ఆ కార్డులు వచ్చాక న్యూయార్క్‌లో తెల్లవాళ్లకు జరిగే బైపాస్‌లకూ, నల్లజాతి, హిస్పానిక్ రోగులకు జరిగేవాటికీ మధ్య అంతరం పెరిగింది. అది పాత స్థాయికి రావడానికి ఏళ్లు పట్టింది. నల్లవాళ్లకు ఆపరేషన్ చేయొద్దని ఏ కార్డు మీదా లేదు. 'ఈ రోగితో నా అంకె పాడవుతుందేమో' అన్న అనుమానం సర్జన్ మనసులో మెదిలితే చాలు. ఎవర్ని చూస్తే ఆ అనుమానం వస్తుందన్నది మాత్రం సమాజమే ముందుగా నేర్పి పెట్టింది.

అంచనా లెక్కలో రోగి తీవ్రతను కలుపుకుంటారు కదా, మరి భయమెందుకు అని అడగొచ్చు. కలుపుకుంటారు. వయసు, షుగరు, డయాలసిస్ మీద ఎన్నేళ్లు ఉన్నారు, దాత ఎలాంటివాడు ఇలాంటివి. మనిషి ఇంటికి వెళ్లాక ఏం తింటాడు, మందులు అయిపోతే అప్పు ఎవరిస్తారు, ఊరికి బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది అన్నవి ఆ సమీకరణంలో పట్టవు. డాక్టరుకు మాత్రం అవి కంటికి కనిపిస్తూనే ఉంటాయి. లెక్కలో లేని ఆ ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవడం ఎందుకని రోగిని 'మరోసారి చూద్దాం' అని పంపేస్తారు. అమెరికాలో జాబితాలో పేరు రాయడానికి ముందు సామాజిక పరిశీలన ఉంటుంది. తోడుగా ఎవరుంటారు, ఇల్లు ఎలా ఉంది, చెప్పింది చెప్పినట్టు చేస్తారా అని చూస్తారు. పేదవాడు ఎక్కువగా తప్పేది అక్కడే. ఆ తప్పడం ఏ నివేదికలోనూ మరణంగా నమోదు కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి మేం అనుకుంటున్న అంకెలు మాత్రమే. ఒక ఆసుపత్రికి వందమంది వచ్చారు, 40 మందిని తీసుకుంది, ఏడాదికి ఒకరు పోయారు. మనుగడ 97.5 శాతం. ఇంకో ఆసుపత్రికి అలాంటి వందమందే వచ్చారు, 80 మందిని తీసుకుంది, ఐదుగురు పోయారు. మనుగడ 94 కూడా లేదు. మొదటిదానికి ఐదు నక్షత్రాలు, రెండోదానికి నోటీసు. ఇప్పుడు వెనక్కి పంపినవాళ్ల సంగతి చూడండి. డయాలసిస్ మీదే ఉండిపోయినవాళ్లలో ఏడాదికి నూటికి 15 మంది పోతారనుకుంటే, మొదటి ఆసుపత్రి పంపేసిన 60 మందిలో తొమ్మిదిమంది, రెండోది పంపేసిన 20 మందిలో ముగ్గురు. గుమ్మం తొక్కిన వందమందిలో మొత్తం మరణాలు మొదటిచోట 10, రెండోచోట ఎనిమిది. నోటీసు అందుకున్న ఆసుపత్రే ఎక్కువమందిని బతికించింది.

కిడ్నీ మార్పిడిలో ఈ తేడా మరీ ముఖ్యం. అమెరికాలో ఏడాది మనుగడ దాదాపు అన్ని కేంద్రాల్లోనూ తొంభై పైనే. మంచి కేంద్రానికీ, చెడ్డ కేంద్రానికీ మధ్య తేడా రెండు మూడు పాయింట్లు. మార్పిడి దొరికినవాడికీ, డయాలసిస్ మీద మిగిలిపోయినవాడికీ మధ్య తేడా అంతకు ఎన్నో రెట్లు. ఈ సంగతి రిజిస్ట్రీ పరిశోధకులే తమ అంకెలతో చూపించారు. జాబితాలో చేరిన రోగి బతికే అవకాశాన్ని ఎక్కువగా ప్రభావితం చేసేది ఆ కేంద్రం ఎంత వేగంగా మార్పిడి చేయిస్తుందన్నదే. ఆపరేషన్ తర్వాతి ఏడాది మనుగడ మార్కు ప్రభావం అంత లేదు.

దిద్దుబాట్లు జరిగాయి. 2016లో కేంద్ర సంస్థ హద్దును 1.5 నుంచి 1.85కు సడలించింది. 2019లో, గుర్తింపు పొడిగింపుకు మనుగడ అంకెను షరతుగా పెట్టడమే మానేసింది. అవయవ కేటాయింపు వ్యవస్థ తన పర్యవేక్షణలో వచ్చిన అవయవాల్లో ఎన్నింటిని కేంద్రం ఒప్పుకుంటోంది, జాబితాలో ఉండగా ఎంతమంది పోతున్నారు అన్న కొలతలు చేర్చింది. 2025 జులైలో 103 కిడ్నీ మార్పిడి ఆసుపత్రులకు తప్పనిసరి చేసిన కొత్త చెల్లింపు పద్ధతిలో నూటికి 60 మార్కులు ఎన్ని మార్పిడులు చేశారన్నదానికే, అవయవాల్ని ఒప్పుకోవడానికి 20, మార్పిడి తర్వాత కిడ్నీ నిలవడానికి 20. మనుగడ ఒక్కదాన్నే కొలిచిన దేశం పుష్కరం దాటాక ఇలా మెలి తిరిగింది. ఇప్పటికీ డయాలసిస్ కేంద్రం నుంచి మార్పిడి కేంద్రానికి ఎవర్ని పంపారు, ఎవర్ని పంపలేదు అన్న లెక్క మాత్రం అక్కడా దేశవ్యాప్తంగా సరిగా లేదు. జార్జియా రాష్ట్రంలో రాచెల్ పాట్జర్, ఆమె సహచరులు డయాలసిస్ కేంద్రాల దగ్గరికే వెళ్లి ఆ లెక్క తీశారు. సిబ్బందికి, రోగులకు అవగాహన పనులు చేశాక పంపేవాళ్ల సంఖ్య పెరిగి, నల్ల, తెల్ల అంతరం తగ్గింది. ఆపరేషన్ గదికి ఎంతో దూరంలో జరిగిన పని అది.

ఇక మన దగ్గరికి

మన పరిస్థితి అమెరికా కంటే ఒక విషయంలో పూర్తిగా వేరు. 2023లో దేశంలో 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగితే, మరణానంతర దాతలు 1,099 మంది. మిగతా భారమంతా బతికున్న దాతలదే, అంటే ఇంట్లోవాళ్లదే. తెలంగాణలో జీవన్‌దాన్ పుణ్యమా అని పరిస్థితి కాస్త మెరుగు. 2024లో 188 మంది జీవన్మృతుల కుటుంబాలు అవయవదానానికి ఒప్పుకున్నాయి. పది లక్షల జనాభాకు దేశ సగటు 0.8 దాత అయితే తెలంగాణలో దాదాపు ఐదు. అయినా ఎక్కువమంది రోగులకు భార్యో, తల్లో, తోబుట్టువో ఇవ్వాల్సిందే. 1995 నుంచి 2021 దాకా నోటో దగ్గరున్న లెక్క ప్రకారం 36,640 మార్పిడుల్లో మగవాళ్లు తీసుకున్నవి 29,695, ఆడవాళ్లు తీసుకున్నవి 6,945. ఇచ్చే చోట ఆడవాళ్లు, తీసుకునే చోట మగవాళ్లు. ఈ విషయం తెలిశాకే నోటో 2025 ఆగస్టులో వెయిటింగ్ లిస్టులో ఉన్న మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని సూచించింది. గమనించండి, ఆడ, మగ గడి ఉంది కాబట్టి ఆ అన్యాయం కనిపించింది. కులం గడి లేదు.

దళిత కూలీ కుటుంబంలో ఒకరికి కిడ్నీలు పోయాయనుకుందాం. మొదట జబ్బు బయటపడాలి. కాళ్లు వాచేదాకా ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్లతో సరిపెట్టుకునే చోట జబ్బు బయటపడేసరికే డయాలసిస్ దశ వచ్చేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, అన్ని రోజుల కూలి పోయినట్టే, తోడు వచ్చినవాళ్ల కూలి కూడా. మార్పిడి అనే మార్గం ఒకటుందని ఎవరైనా చెప్పాలి. చెప్పాక పరీక్షలు, దాత పరీక్షలు, ధ్రువపత్రాలు, సంతకాలు. దాత భార్య అయితే ఆమె కొన్ని నెలలు బరువు ఎత్తకూడదు, నాట్లకు, కోతలకు వెళ్లకూడదు. ఇద్దరూ పని మానేస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు? జీవన్మృతుడి కిడ్నీ అయితే అర్ధరాత్రి ఫోన్ వచ్చినా కొన్ని గంటల్లో నగరానికి చేరాలి. తర్వాత పక్కన గది అద్దెకు తీసుకుని నెలల తరబడి పరీక్షలకు తిరగాలి, మందులు జీవితాంతం వేసుకోవాలి. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు మోస్తుంది, నిజమే. 2007లో వచ్చిన ఆ పథకం లేకపోతే ఈ మాత్రం కూడా ఉండేది కాదు. కానీ మెట్లన్నీ ఆపరేషన్‌కు ముందూ వెనకా ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఈ మెట్ల గురించి అందరికంటే బాగా చెప్పగలదు. జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు, మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు దశాబ్దాలుగా కిడ్నీలు పోగొట్టుకుంటున్న ప్రాంతం అది. కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. అంతకుముందు అక్కడివాళ్లకు పెద్ద వైద్యం అంటే విశాఖే. ఇప్పుడు ఆలోచించండి. ఉద్దానం నుంచి ఆలస్యంగా, బక్కచిక్కి, అప్పులతో వచ్చే రోగిని తీసుకునే ప్రభుత్వ ఆసుపత్రి ఒకటి, నగరంలో బీమా ఉన్న ఉద్యోగిని ముందుగానే, డయాలసిస్ కూడా మొదలవకముందే బల్లెక్కించే కార్పొరేట్ ఆసుపత్రి ఒకటి. ఇద్దరికీ ఒకే కొలతతో ఏడాది మనుగడ మార్కులేస్తే ఎవరు గెలుస్తారో పోటీ పెట్టి చూడాల్సిన పనిలేదు. 'సర్కారు ఆసుపత్రుల్లో ఇంతే' అన్న హెడ్‌లైన్ కూడా ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. ఆ మార్కుల భయంతో సర్కారు డాక్టరు కూడా రోగిని ఎంచుకోవడం మొదలుపెడితే ఆ రోగికి ఇక వెళ్లే చోటు లేదు. ఏడాదికి పది మార్పిడులు చేసే చిన్న కేంద్రంలో ఒక్క మరణం శాతాన్ని పది పాయింట్లు కిందికి లాగేస్తుంది కూడా.

ఇక్కడ ఒక చిక్కు ముడి ఉంది. మన ఉద్యమాల్లోనే దీని మీద రెండు మాటలు వినిపిస్తాయని మాకు తెలుసు. పేదరికాన్ని, కులాన్ని కూడా అంచనా లెక్కలో కలిపేస్తే ఆసుపత్రులు మనవాళ్లను తిప్పిపంపవు కదా అన్నది ఒకటి. అలా కలిపితే దళిత రోగి ఎక్కువగా చనిపోవడం 'అనుకున్నదే' అయిపోతుంది, నిర్లక్ష్యానికి లైసెన్సు ఇచ్చినట్టవుతుంది అన్నది రెండోది. మా మొగ్గు రెండోదాని వైపు. వయసును, షుగరును సర్దుబాటు చేయండి, అవి శరీరానికి సంబంధించినవి. కులాన్ని సర్దుబాటు చేయొద్దు, విడిగా చూపించండి. ఈ ఆసుపత్రిలో ఎస్సీ రోగుల ఫలితం ఇది, ఎస్టీ రోగులది ఇది, మిగతావాళ్లది ఇది అని పక్కపక్కన పెడితే తేడా దాక్కోదు. రోగిని తిప్పిపంపడాన్ని ఆపాలంటే దానికి సర్దుబాటు మందు కాదు. గుమ్మం దగ్గరి లెక్కే మందు: ఎంతమందిని పంపారు, ఎంతమందిని పరీక్షించారు, ఎంతమంది పేర్లు జాబితాలో రాశారు, ఎందుకు కొట్టేశారు, జాబితాలో ఉండగా ఎంతమంది పోయారు.

'రోగానికి కులమేంటి' అని వెంటనే అంటారు. తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనం ఒకటి, అగ్రకుల హిందువులకంటే దళితుల సగటు ఆయుష్షు మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువని తేల్చింది. ఆర్థిక స్థితిలోని తేడా ఆ అంతరంలో సగాన్ని కూడా వివరించలేకపోయింది. అవి మన తెలుగు రాష్ట్రాలు కావు. మన రాష్ట్రాల లెక్క ఎవరైనా తీస్తే మంచిదే, తీయమనే మేమూ అడుగుతున్నది.

తీయడం అసాధ్యమేమీ కాదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీకి ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరున్న రోజుల్లో బయటికి వచ్చిన రోగుల సమాచార పట్టికలో వయసు, లింగం, జిల్లా, చికిత్స పక్కనే కులం గడి ఉంది: ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ అని. అంటే ప్రభుత్వం కార్డు చూసి ఆపరేషన్‌కు డబ్బు కట్టేటప్పుడు కులం రాసుకుంటోంది. అవయవం ఎవరికి అందిందో చెప్పేటప్పుడు మాత్రం ఆ గడి మాయమవుతోంది. తెలంగాణ కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. జీవన్‌దాన్ జాబితాలో వాళ్లెంత, కిడ్నీ అందినవాళ్లలో ఎంత, ఎదురుచూస్తూ పోయినవాళ్లలో ఎంత? జీవన్మృతులుగా ప్రకటించి అవయవాలు తీసినవాళ్లలో ఎంత? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. రోడ్డు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలి ప్రభుత్వాసుపత్రికి చేరేవాళ్లు ఏ కుటుంబాలవాళ్లో, ఆ గుండెలు, కాలేయాలు ఏ ఆసుపత్రులకు వెళ్తున్నాయో ఒకే పట్టికలో చూడాలని మాకుంది.

విద్యార్థి మిత్రులు చేయగలిగిన పని ఒకటుంది. జీవన్‌దాన్ ప్రభుత్వ కార్యక్రమం, సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు ఆసుపత్రుల సమాచారాన్ని కూడా, వేరే చట్టం కింద ప్రభుత్వ అధికారి తెప్పించుకోగలిగితే, అడిగే హక్కు ఆ చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో ఉంది. మార్పిడి ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాల్సిందే కాబట్టి, ఏ ఆసుపత్రి ఏ లెక్కలు సమర్పించి పొడిగింపు తీసుకుందో అడగొచ్చు. వ్యక్తిగత సమాచారం అని తిరగ్గొట్టే ప్రయత్నం జరుగుతుంది, అందుకే పేర్లు అడగొద్దు. గత ఐదేళ్ల మొత్తాలు అడగండి: ఆసుపత్రి వారీగా నమోదైనవాళ్లు, జాబితా నుంచి తీసేసినవాళ్లు, తీసేయడానికి రాసిన కారణం, మార్పిడి జరిగినవాళ్లు, ఏడాదికి బతికున్నవాళ్లు, ఆరోగ్యశ్రీ కింద ఎంతమంది, సొంత డబ్బుతో ఎంతమంది, సామాజిక వర్గం వారీగా ఎంతమంది. ఒక ఆసుపత్రిలో ఎస్టీలు ఇద్దరే ఉంటే ఆ ఇద్దరూ ఎవరో ఊళ్లో తెలిసిపోయే ప్రమాదం ఉంది. అలాంటిచోట ఆసుపత్రి అంకె వద్దు, జిల్లా మొత్తమో, రాష్ట్రం మొత్తమో ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి. సామాజిక వర్గం వివరాలు మా దగ్గర లేవు అని జవాబు వస్తే దాన్ని కూడా జాగ్రత్తగా దాచండి. రేపు రేటింగుల ముసాయిదా వచ్చి అభ్యంతరాలు అడిగిన రోజున మొదటి అనుబంధంగా పెట్టాల్సిన కాగితం అదే.